అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌ను అనుసరించడం ఎలా: ఒహాయో స్టేట్ 2024 ఉదాహరణగా

పై చదువుల కోసం అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థులు ఆగస్టు నెలాఖరుకల్లా క్యాంపస్ అంతా ఒకే రంగు చొక్కాలతో నిండిపోవడం చూస్తారు. స్నేహితుల వెంట స్టేడియానికి వెళ్ళి, స్కోరు తెలుసుకుని తిరిగివచ్చేవారు చాలామంది ఉంటారు గానీ, ఆగస్టు నుంచి జనవరి వరకు సాగే సీజన్‌ను ఒకే కథగా చూడగలిగితేనే ఈ ఆటలోని అసలు రుచి తెలుస్తుంది. అందుకు ప్రతి ఫలితాన్నీ ఎవరి మీద, ఎక్కడ, ఏ దశలో అన్న మూడు ప్రశ్నలతో తూచి చూడడం అలవాటు చేసుకోవాలి.

నియమాలు మొదట కొద్దిగా తెలిస్తే చాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించే టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు, ఆ తరువాతి కిక్‌కు ఒకటి, బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నే ఫీల్డ్ గోల్‌కు మూడు. కొత్తగా చూసేవారు బంతి వెనక కళ్ళు పరుగెత్తించకుండా మూడో డౌన్ మీద శ్రద్ధ పెట్టాలని నా సలహా. అక్కడ విఫలమైన జట్టు సాధారణంగా బంతిని ప్రత్యర్థికి వదులుకోవలసి వస్తుంది కాబట్టి, ఆట ఎటు మొగ్గుతున్నదో స్కోరుబోర్డు కన్నా ముందుగా మూడో డౌన్ చెబుతుంది.

సీజన్ మొదలుకాకముందే షెడ్యూలును ముందు పెట్టుకోవాలి. సాధారణ సీజన్‌లో ఒక్కో జట్టు పన్నెండు ఆటలు ఆడుతుంది. తొలి వారాలలో పెద్ద జట్లు తరచు బలహీనులతో ఆడతాయి కనుక ఆ విజయాలను చూసి మురిసిపోకూడదు. 2024లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు ఆక్రన్‌ను 52-6తోనూ, వెస్టర్న్ మిషిగన్‌ను 56-0తోనూ ఓడించింది. ఆ అంకెలు జట్టు గురించి చెప్పింది చాలా తక్కువ. షెడ్యూలులో గుర్తు పెట్టుకోవలసినవి ఆరెగాన్, పెన్ స్టేట్ జట్లతో పరాయి మైదానాలలో జరిగే ఆటలు, చివరి వారంలో మిషిగన్‌తో పోరు. పరాయి మైదానం అన్నది చిన్న విషయం కాదు. లక్షమంది ఒక్కసారిగా అరిచేచోట, దాడిని నడిపించే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట పక్కనున్న తోటి ఆటగాడికి కూడా వినపడదు.

ఓటములను తూచడం ఇంకా ముఖ్యం. ఆ సీజన్‌లో ఒహాయో స్టేట్ రెండుసార్లు ఓడింది, ఆ రెండూ ఒకే బరువుగలవి కావు. అక్టోబరు 12న యూజీన్‌లో ఆరెగాన్ చేతిలో 32-31తో ఓడినప్పుడు, చివరి క్షణాలలో క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ బంతితో పరుగెత్తి నేల మీదికి జారేసరికి గడియారం సున్నాకు చేరింది. బలమైన జట్టు మీద, పరాయి మైదానంలో, ఒక్క పాయింటు తేడాతో వచ్చిన ఆ ఓటమి పరువు తీసేది కాదు. అయితే అదే ఆటలో, క్వార్టర్‌బ్యాక్‌కు కాపుకాసే లైన్‌లో ఎడమవైపు ఆడే లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ గాయపడి సీజన్‌కు దూరమయ్యాడు. నవంబరులో అదే లైన్ మధ్యలో ఆడే సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్ కూడా గాయంతో తప్పుకున్నాడు. కాబట్టి స్కోరుతో పాటు గాయాల వార్తలను, ముఖ్యంగా ఆ లైన్‌లోని మార్పులను చదవడం మరవకూడదు. నవంబరు 30న, అప్పటికి ఆరు గెలిచి అయిదు ఓడిన మిషిగన్ జట్టు ఒహాయో స్టేట్ ఊరైన కొలంబస్‌కు వచ్చి 13-10తో గెలిచింది. సొంత మైదానంలో, వరుసగా నాలుగో ఏడాది, అదే ప్రత్యర్థి చేతిలో ఓడడంతో కోచ్ రయన్ డే మీద అభిమానుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. నూరేళ్ళు దాటిన ఆ వైరం తెలియనివారికి ఆ కోపం అర్థం కాదు. మీ విశ్వవిద్యాలయానికి చిరకాల ప్రత్యర్థి ఎవరో చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి.

ముఖ్యమైన ర్యాంకింగ్‌లు రెండు. అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగ్‌లో క్రీడా విలేఖరులు పాల్గొంటారు; అది సీజన్‌కు ముందే మొదలవుతుంది. ఛాంపియన్‌ను తేల్చే చివరి పోటీలైన ప్లేఆఫ్‌కు లెక్కలోకి వచ్చేది మాత్రం నవంబరులో మొదలయ్యే ఎంపిక సంఘం జాబితా. 2024లో తొలిసారిగా ప్లేఆఫ్‌కు పన్నెండు జట్లను తీసుకున్నారు: అయిదుగురు కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే జట్ల కూటమి) విజేతలకు చోటు ఖాయమైంది, మిగిలిన ఏడు స్థానాలను సంఘం నింపింది. పాత నాలుగు జట్ల పద్ధతిలో రెండు ఓటములున్న జట్టు ఎన్నడూ ఎంపిక కాలేదు. కొత్త పద్ధతి వల్లనే ఒహాయో స్టేట్ ఎనిమిదో సీడ్‌గా (ప్లేఆఫ్ వరుసక్రమంలో ఎనిమిదో స్థానంతో) లోపలికి రాగలిగింది.

ప్లేఆఫ్‌లో అడుగుపెట్టాక ఆ జట్టు టెనెసీని 42-17తో, అంతవరకు ఓటమి ఎరగని ఆరెగాన్‌ను రోజ్ బౌల్‌లో 41-21తో ఓడించింది. జనవరి 10న టెక్సస్‌తో జరిగిన సెమీఫైనల్‌లోని ఒక్క ఘట్టం, ఈ ఆటను ఎలా చూడాలో నేర్పుతుంది. ఒహాయో స్టేట్ 21-14 ఆధిక్యంలో ఉండగా టెక్సస్ గోల్ గీతకు గజం దూరానికి వచ్చింది. రెండో డౌన్‌లో పక్కకు పరుగెత్తి ఏడు గజాలు పోగొట్టుకుంది. నాలుగో డౌన్‌లో జాక్ సాయర్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్‌ను ఢీకొని బంతి జారవిడిపించి, దాన్ని తానే అందుకుని 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అందరూ ఆ పరుగునే గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో ఆటను మలుపు తిప్పింది రెండో డౌన్‌లో పోయిన ఆ ఏడు గజాలు. జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్ మీద 34-23తో టైటిల్ దక్కింది.

ఇండియా నుంచి చూసే తల్లిదండ్రులు, మిత్రులు వేళలను ముందే లెక్కవేసుకోవాలి. తూర్పు అమెరికా కాలమానంలో శనివారం మధ్యాహ్నం 12 గంటల ఆట మనకు రాత్రి 9:30కు, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక 10:30కు మొదలవుతుంది. ఒక్కో ఆట సుమారు మూడున్నర గంటలు పడుతుంది. అక్కడి రాత్రి ఆటలు మనకు ఆదివారం తెల్లవారుజామున పడతాయి.

జట్టు ఏటా మారుతుంది కనుక, ఫైనల్ ముగిశాక ఆటగాళ్ళ పేర్ల జాబితాను మళ్ళీ మొదటి నుంచి చదవాలి. హవర్డ్ స్వయంగా కాన్సస్ స్టేట్ నుంచి బదిలీపై వచ్చి ఒక్క సీజన్ ఆడి వెళ్ళినవాడు. వృత్తి జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో ఒహాయో స్టేట్ నుంచి 14 మంది ఎంపికయ్యారు. ఆగస్టు 30న కొలంబస్‌లో మళ్ళీ టెక్సస్‌తోనే సీజన్ మొదలయ్యేసరికి, క్వార్టర్‌బ్యాక్ స్థానంలో జూలియన్ సాయిన్ నిలిచి ఉన్నాడు.