ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్: విమానం లేటైతే మనకు రావాల్సింది ఎలా రాబట్టుకోవాలి

మా అమ్మానాన్న నా దగ్గర మూడు నెలలుండి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ బయల్దేరారు. మధ్యలో గల్ఫ్‌లో విమానం మారాలి. ఇక్కడే గంటా నలభై నిమిషాలు లేటు. అక్కడ దిగేసరికి రెండో విమానం వెళ్లిపోయింది. శంషాబాద్ చేరేసరికి తొమ్మిది గంటల ఆలస్యం. అమ్మకు షుగరు. రాత్రంతా గేటు దగ్గర కుర్చీలోనే కూర్చుని, కవర్లో మిగిలిన రెండు చపాతీలు ఇద్దరూ చెరొకటి తిన్నారట. "పోనీలేవే, క్షేమంగా చేరాం కదా" అంది ఫోన్‌లో. నాకు మాత్రం మనసొప్పలేదు.

ముందు చూసుకోవాల్సింది ప్రయాణం ఏ వైపు అన్నది. విమానం ఆలస్యమైతే ప్రయాణికులకు పరిహారం ఇప్పించే 261/2004 అనే నిబంధన యూరోపియన్ యూనియన్‌లో ఉంది. అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరితే ఏ దేశపు విమానమైనా అది వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడైతే, నడిపేది యూరోపియన్ యూనియన్ కంపెనీ అయితేనే. రానూపోనూ ఒకేసారి టికెట్ కొన్నా, రెండు ప్రయాణాలనూ వేర్వేరుగానే చూస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

3,500 కిలోమీటర్లు దాటిన దూరానికి పరిహారం మనిషికి 600 యూరోలు. గమ్యం చేరడం కనీసం 3 గంటలు ఆలస్యమవ్వాలి. 3, 4 గంటల మధ్యయితే సగానికి తగ్గించవచ్చు. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే చివరి ఊరు చేరిన ఆలస్యమే లెక్క. మావాళ్లకు అదే కలిసొచ్చింది. విడివిడిగా కొన్న టికెట్లయితే ఈ వరస కుదరదు. ఇంకోటి, రన్‌వే మీద చక్రాలు ఆనిన సమయం లెక్కలోకి రాదు. విమానం తలుపు తెరిచిన నిమిషమే చేరిన సమయం. తలుపు తెరవగానే నాన్న ఫోన్‌లో ఒక ఫొటో తీశారు. అందులో ముందు సీటాయన వీపు తప్ప ఏమీ లేదు, కానీ ఫొటో తీసిన టైము ఉంది. దాన్నే జతచేశాను.

తుఫాను, కంట్రోల్ టవర్ వాళ్ల సమ్మె లాంటివైతే డబ్బు రాదు. అప్పుడు కూడా భోజనం, రాత్రి ఆగాల్సొస్తే హోటల్ ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మీరే కొనుక్కుని బిల్లులు దాచండి, తర్వాత అడగవచ్చు. "సాంకేతిక లోపం" అంటే మాత్రం నమ్మి ఊరుకోకండి. మామూలుగా విమానాల్లో వచ్చే లోపాలు మినహాయింపు కిందికి రావని యూరప్ న్యాయస్థానం 2008లోనే చెప్పింది.

కౌంటర్‌లో డబ్బుకు బదులు వోచర్ తీసుకుని సంతకం పెట్టమంటే పెట్టొద్దు. మన పెద్దవాళ్లు ఎవరైనా మర్యాదగా అడిగితే పెట్టేస్తారు, అందుకే ముందే చెప్పి పంపాలి. బోర్డింగ్ పాసులు పారేయొద్దు.

విమాన కంపెనీకి రాసే ఉత్తరం ఒక పేజీ చాలు: బుకింగ్ నంబరు, విమానం నంబర్లు, చేరాల్సిన సమయం, చేరిన సమయం, ఇద్దరి పేర్లు, అడిగే మొత్తం, బ్యాంకు ఖాతా, జవాబుకు రెండు వారాల గడువు. అమ్మానాన్నల తరఫున నేను రాస్తున్నానని వాళ్ల సంతకాలతో ఒక కాగితం జతచేశాను. మొదట వోచర్ ఇస్తామన్నారు. నిబంధన నంబరు వేసి, డబ్బే కావాలని మళ్లీ రాశాను. పదకొండో వారంలో 1,200 యూరోలు జమయ్యాయి. కమీషన్ తీసుకునే ఏజెన్సీల దగ్గరికి ముందే వెళ్లకండి, వచ్చినదాంట్లో పెద్ద వాటా వాళ్లకే పోతుంది. పరిహారం అడగడానికి జర్మనీలో గడువు, ప్రయాణం చేసిన ఏడాది ముగిశాక మూడేళ్లు.

ఈసారి అమ్మ హ్యాండ్‌బ్యాగులో మందుల పక్కన ఒక కాగితం పెట్టాను. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిషు: "నాకు షుగర్ ఉంది, భోజనం ఇప్పించండి. ఆలస్యానికి కారణం రాసివ్వండి. డబ్బుకు బదులు వోచర్ వద్దు."