డిగ్రీ పూర్తవగానే ఫండ్ కంపెనీలో ఉద్యోగం: చివరి రెండేళ్లలో ఏం చేయాలి

ఇన్వెస్ట్‌మెంట్ మేనేజ్‌మెంట్‌లోకి రావాలనుకునే విద్యార్థులు ముందు అడిగేది ఏ పరీక్ష రాయాలని. పరీక్ష సంగతి తర్వాత. అంతకంటే ముందు చేతిలో ఉండాల్సింది మీరు సొంతంగా రాసిన ఒక షేరు విశ్లేషణ. రెండు పేజీలు, దాని వెనక ఒక ఎక్సెల్ ఫైలు. మార్కులు, సర్టిఫికెట్లు అందరి దరఖాస్తుల్లోనూ ఉంటాయి. ఇది మాత్రం చాలామంది దగ్గర ఉండదు.

మొదట ఏ కుర్చీ కావాలో తేల్చుకోండి. ఫండ్ మేనేజర్ పోస్టు డిగ్రీ కాగానే రాదు. కొత్తవాళ్లను తీసుకునేది రీసెర్చ్ అసోసియేట్‌గా, లేదంటే రిస్క్, పెర్ఫార్మెన్స్ (ఫండ్ రాబడి లెక్కలు), ఆపరేషన్స్, క్లయింట్ సర్వీస్ విభాగాల్లోకి. రీసెర్చ్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. బ్రోకరేజీ సంస్థల రీసెర్చ్ విభాగాల్లో ఒకటి రెండేళ్లు చేసి ఇటు రావడం కూడా బాగా నడిచిన దారే.

ఇక విశ్లేషణ. కంపెనీని ఎంచుకోవడంలోనే సగం మంది తప్పటడుగు వేస్తారు. అందరి నోళ్లలో నానే దిగ్గజ కంపెనీ వద్దు, దాని గురించి మీరు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. బ్యాంకు, ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా మొదటిసారికి వద్దు, వాటి లెక్కల తీరే వేరు. ఒకటి రెండు వ్యాపారాలు మాత్రమే చేసే మధ్యస్థాయి కంపెనీని పట్టుకోండి. ఐదేళ్ల వార్షిక నివేదికలు దించుకుని, ఛైర్మన్ సందేశం పక్కన పెట్టి, ముందు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ (నగదు రాకపోకల పట్టిక), ఆ తర్వాత ఖాతాల కింద ఇచ్చే నోట్స్ చదవండి. లాభం ఏటా పెరుగుతూ చేతికొచ్చే నగదు పెరగకపోతే ఎందుకో వెతకాలి. అమ్మకాలు 10 శాతం పెరిగిన ఏడాదిలో కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు 30 శాతం పెరిగాయంటే, సరుకు అరువు మీద తోసేస్తున్నారేమో చూడాలి.

తర్వాత ఎక్సెల్‌లో లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో మూడింటినీ ఒకదానికొకటి కలిపి ఐదేళ్ల అంచనా వేయండి. మీరు చేత్తో వేసిన అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో ఉంచడం ఈ రంగంలో అలవాటు. బ్యాలెన్స్ షీట్ కుదరకపోతే ఎక్కడో ఒక అంకె ఇరికించి సరిచేయకండి. ఫైలు తెరిచినవాడు మొదట చూసేది అదే. తేడా ఎక్కువగా వర్కింగ్ క్యాపిటల్ (సరుకు నిల్వ, రావాల్సిన, ఇవ్వాల్సిన బాకీలు) మార్పుల ప్లస్, మైనస్ గుర్తు తిరగబడటం వల్లో, తరుగుదలను (ఆస్తుల విలువ తగ్గిందని రాసే, నగదు బయటికి పోని ఖర్చు) క్యాష్ ఫ్లోలో తిరిగి కలపకపోవడం వల్లో వస్తుంది.

విలువ కట్టేటప్పుడు టెర్మినల్ వాల్యూ, అంటే మీ ఐదేళ్ల అంచనా తర్వాత వచ్చే నగదంతటికీ కట్టే విలువ దగ్గర జాగ్రత్త. డిస్కౌంట్ రేటు (రేపటి నగదును నేటి విలువకు తగ్గించే రేటు) 10 శాతం, శాశ్వత వృద్ధి 3 శాతం అనుకుంటే అది చివరి ఏడాది నగదుకు 14.7 రెట్లు వస్తుంది. వృద్ధిని 4 శాతం చేయండి, 17.3 రెట్లవుతుంది. ఒక్క శాతం మార్పుతో దాదాపు 18 శాతం తేడా! అందుకే ఒకే ధర చెప్పకుండా, ఈ రెండు రేట్లూ మారితే విలువ ఎలా మారుతుందో చూపే పట్టిక పెట్టాలి. శాశ్వత వృద్ధి రేటు ఆర్థిక వ్యవస్థ వృద్ధిని మించితే, ఎప్పటికో ఒకప్పటికి ఆ కంపెనీయే దేశమంత అవుతుందని మీరు రాసినట్టే.

మీ రెండు పేజీల విశ్లేషణ, అంటే నోట్, మొదటి పేరాలోనే కొనాలో అమ్మాలో, ఎంత ధరకో చెప్పేయండి. ఆ తర్వాత మార్కెట్ ఏమనుకుంటోంది, మీరెక్కడ విభేదిస్తున్నారు, మీ మాట నిజమని మార్కెట్‌కు తెలియజేసే సంఘటన ఏది, ఏం జరిగితే మీ అంచనా తప్పని ఒప్పుకుంటారు. కంపెనీ చరిత్రకు నాలుగు వాక్యాలు ఎక్కువ. మంచి కంపెనీ అయినంత మాత్రాన షేరు మంచిది కాదు, ధరలో ఆ మంచితనం ఎప్పుడో కలిసిపోయి ఉండొచ్చు. అలాగే సిమెంటు, ఉక్కు లాంటి వ్యాపారాల్లో పీఈ నిష్పత్తి (షేరు ధర ఒక్కో షేరుకు వచ్చే లాభానికి ఎన్ని రెట్లో) బాగా తక్కువ కనిపించేది లాభాలు శిఖరం మీద ఉన్నప్పుడే. చవకనుకుని కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఇది.

అదే విషయాన్ని రెండు నిమిషాల్లో నోటితో చెప్పడం సాధన చేయండి. ఇంటర్వ్యూలో అకౌంటింగ్ ప్రశ్నలూ తప్పవు. తరుగుదల 10 పెరిగితే, పన్ను 30 శాతమైతే ఏమవుతుంది? నికర లాభం 7 తగ్గుతుంది, పన్ను ఆదా వల్ల నగదు 3 పెరుగుతుంది. మాడిఫైడ్ డ్యురేషన్ (వడ్డీ రేటు మారితే బాండు ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) 5 ఉన్న బాండు ధర, వడ్డీ రేటు 1 శాతం పెరిగితే సుమారు 5 శాతం పడుతుంది. ఇవి తడుముకోకుండా రావాలి.

ఇక పరీక్ష సంగతి. సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) లెవెల్ 1ను డిగ్రీ పూర్తికావడానికి 23 నెలల్లోపే ఉంటే చదువుతుండగానే రాయొచ్చు. 180 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషాల చొప్పున రెండు విడతలు. సుమారు 300 గంటల చదువు పెట్టుకోండి. నైతిక నియమాల భాగానికి 15 నుంచి 20 శాతం వెయిటేజీ ఉంటుంది, దాన్ని చివరి వారానికి వదిలేసి దెబ్బతినేవాళ్లు చాలామంది. మూడు లెవెళ్లూ పాసైనా చార్టర్ (సీఎఫ్‌ఏ పట్టా) రావడానికి కనీసం 36 నెలల్లో 4,000 గంటల పని అనుభవం ఉండాలి.

పెద్ద సంస్థల ఇంటర్న్‌షిప్ దరఖాస్తులు చాలాచోట్ల ఏడాది ముందే మొదలవుతాయి. చిన్న ఫండ్‌లు ప్రకటనలు ఇవ్వకుండానే తీసుకుంటుంటాయి. మీ కాలేజీలో చదివి ఈ రంగంలో ఉన్నవాళ్లకు ఐదారు వాక్యాల మెయిల్ రాయండి. ఉద్యోగం ఇప్పించమని కాకుండా, మీ నోట్ జతచేసి, అందులో లోపాలు చెప్పడానికి పావుగంట ఇవ్వమని అడగండి. వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి.

రీసెర్చ్‌లో దొరక్క పెర్ఫార్మెన్స్ లేదా రిస్క్ విభాగంలో ఆఫర్ వస్తే చులకనగా చూడొద్దు. రాబడి ఏ నిర్ణయం వల్ల వచ్చిందో రోజూ లెక్కగట్టే పని అది. కాకపోతే సంతకం చేసేముందు ఒక ప్రశ్న అడగండి: గత మూడేళ్లలో ఈ టీమ్ నుంచి రీసెర్చ్‌కు ఎవరైనా మారారా? ఎవరూ లేరని జవాబొస్తే, వచ్చిన చోటే ఉండిపోవడానికి మీరు సిద్ధమో కాదో ఆలోచించుకుని చేరండి.