బటన్లు మసకబారితే ఎక్సెల్ పాడైనట్టు కాదు

మొన్న పర్లాకిమిడిలోని మా జిరాక్స్ షాపుకి మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మావయ్యా, ఎక్సెల్ పోయింది. ఏ బటనూ పనిచేయట్లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేద్దామా?" అన్నాడు. చూస్తే ఒక గడిలో కర్సర్ మినుకుమినుకుమంటోంది. ఎస్కేప్ నొక్కాను. అన్నీ వెలిగాయి!

గడిలో టైప్ చేస్తున్నంతసేపూ ఎక్సెల్ పైనున్న చాలా బటన్లను బూడిద రంగులో పెట్టేస్తుంది. కింద ఎడమ మూల 'రెడీ' బదులు 'ఎంటర్' అనో 'ఎడిట్' అనో కనిపిస్తే అదే సంగతి. రాసింది ఉంచాలంటే ఎంటర్, వద్దంటే ఎస్కేప్. రీఇన్‌స్టాల్ దాకా ఎందుకు?

అప్పటికీ కొన్ని మసగ్గానే ఉంటే పైన ఫైల్ పేరు పక్కన 'గ్రూప్' అని ఉందేమో చూడండి. తెలీకుండా రెండు మూడు షీట్లు కలిపి సెలెక్ట్ చేసుంటారు. షీట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌గ్రూప్ షీట్స్' నొక్కండి.

పైన 'రివ్యూ' ట్యాబ్‌లో 'అన్‌ప్రొటెక్ట్ షీట్' అని కనిపిస్తే మాత్రం ఎవరో తాళం వేశారన్నమాట. దాన్ని నొక్కినప్పుడు పాస్‌వర్డ్ అడిగితే ఫైల్ పంపినవాళ్లకే ఫోన్ చేయాలి. మా షాపుకొచ్చే ఒడియా ఫారాలు చాలావరకు ఈ బాపతే.