ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు, సొంత ఇల్లు: విద్యుత్ భద్రతా తనిఖీ గురించి కొత్తగా వచ్చినవారికి సూచనలు

ఇంగ్లండ్‌లో మొదటిసారి అద్దె ఇంట్లో దిగబోయే ముందు ఏజెంటు నుంచి ఒకే మెయిల్లో నాలుగైదు పత్రాలు వస్తాయి. అద్దె ఒప్పందం, డిపాజిట్ సొమ్మును ఏ పథకంలో భద్రపరిచారో తెలిపే కాగితం, గ్యాస్ తనిఖీ పత్రం, ఈపీసీ, ఈఐసీఆర్ వాటిలో ఉంటాయి. ప్రయాణపు హడావుడిలో వీటిని తెరిచి చూసేవారు తక్కువ. చూసినవారిలోనూ చాలామంది రంగురంగుల పట్టీలతో ఉండే ఈపీసీనే కరెంటు సర్టిఫికెట్ అనుకుంటారు. ఈపీసీ ఆ ఇంటికి ఎంత ఇంధనం ఖర్చవుతుందో చెబుతుందే తప్ప గోడల్లోని తీగల పరిస్థితి గురించి ఏమీ చెప్పదు. ఆ సంగతి చెప్పేది ఈఐసీఆర్, అంటే ఇంటి విద్యుత్ వ్యవస్థ స్థితిని పరీక్షించి ఇచ్చిన నివేదిక. దాన్ని అడిగి తీసుకోవడం, తీసుకున్నాక చదవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

మన ఊళ్లలో కరెంటు పోయినప్పుడో, గీజరు షాకు కొట్టినప్పుడో ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం. అన్నీ వెలుగుతున్న ఇంటికి పరీక్ష ఎందుకన్న ప్రశ్న మనకు సహజంగానే వస్తుంది. అయితే తీగ మీది తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, బిగించిన స్క్రూలు వదులై ఆ చోట వేడి పుడుతుంది, ఎర్త్ తీగ ఎక్కడో ఊడిపోయినా లైట్లు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతాయి. ఎర్త్ లేదన్న సంగతి బయటపడేది లోహపు వస్తువులోకి కరెంటు పాకి, దాన్ని ఎవరైనా ముట్టుకున్న రోజునే. ఇక్కడ 1960లకు ముందు కట్టి, తిరిగి వైరింగ్ చేయించని ఇళ్లలో రబ్బరు తొడుగు తీగలు ఇంకా కనిపించవచ్చు. అటువంటి లోపాలను ప్రమాదం జరగకముందే పట్టుకోవడం కోసమే ఈ తనిఖీ.

ప్రైవేటు అద్దె ఇళ్లకు సంబంధించిన నియమాలు ఇంగ్లండ్‌లో 2020లో వచ్చాయి. ఆ ఏడాది జూలై 1 నుంచి కొత్త ఒప్పందాలకు, 2021 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే నడుస్తున్న ఒప్పందాలకు అవి వర్తించాయి. వాటి ప్రకారం ఇంటి యజమాని కనీసం ఐదేళ్లకొకసారి, అర్హత గల వ్యక్తి చేత, బీఎస్ 7671 అనే వైరింగ్ ప్రమాణాన్ని అనుసరించి తనిఖీ చేయించాలి. నివేదిక ప్రతిని కొత్తగా దిగేవారికి వారు దిగకముందే ఇవ్వాలి, అప్పటికే ఉంటున్నవారికి తనిఖీ జరిగిన 28 రోజుల్లోగా ఇవ్వాలి, ఇల్లు చూసి వెళ్లినవారు లిఖితపూర్వకంగా అడిగితే వారికి కూడా 28 రోజుల్లోగా అందించాలి. కాబట్టి నివేదిక అడగడం యజమానిని అనుమానించినట్లు కాదు, మొహమాటపడవలసిన పని లేదు. తనిఖీ ఖర్చు పూర్తిగా యజమానిదే. 2019 నాటి టెనెంట్ ఫీజ్ చట్టం అటువంటి రుసుములను అద్దెకున్నవారి మీద వేయడాన్ని నిషేధించింది. కొత్తగా కట్టిన ఇల్లయితే ఈఐసీఆర్‌కు బదులు వైరింగ్ పూర్తయినప్పుడు ఇచ్చిన ధ్రువపత్రం చూపవచ్చు, అది ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల వరకు సరిపోతుంది.

బ్రిటన్ అంతటా ఒకే చట్టం లేదు. స్కాట్లండ్‌లో ఐదేళ్ల తనిఖీ 2015 డిసెంబరు నుంచే ఉంది, అక్కడ యజమాని సమకూర్చిన ఉపకరణాలను కూడా పరీక్షించాలి. వేల్స్‌లో 2022 డిసెంబరు 1న వేరే చట్టం కింద ఇది అమలులోకి వచ్చింది. ఇకముందు నేను చెప్పేవన్నీ ఇంగ్లండ్‌ను దృష్టిలో ఉంచుకుని చెబుతున్నవే.

చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లోనో హౌన్‌స్లోలోనో ఒక తెలుగు కుటుంబం తాము నివసిస్తున్న ఇంట్లోనే ఒక గది ఇచ్చి, వంటగదిని అందరూ కలిసి వాడుకునే ఏర్పాటు చేసిందనుకోండి. అప్పుడు ఆ గదిలో ఉండేవారిని చట్టం లాడ్జర్‌గా చూస్తుంది. యజమానితో గానీ యజమాని కుటుంబంతో గానీ కలిసి ఉండే ఇటువంటి ఏర్పాట్లను 2020 నియమాల నుంచి మినహాయించారు. యూనివర్సిటీ హాస్టళ్లు కూడా ఈ నియమాల పరిధిలోకి రావు. అంటే మనవాళ్లు మొదటి ఏడాది ఎక్కువగా దిగే చోట్లలోనే నివేదిక అడిగే హక్కు లేదన్నమాట. హక్కు లేకపోయినా అడగవచ్చు. గది చూడటానికి వెళ్లినప్పుడు ఫ్యూజు బోర్డు ఎక్కడుందో చూపమని, చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారో చెప్పమని మర్యాదగా అడగండి. "ఇన్నేళ్లుగా ఉంటున్నామండీ, ఏమీ కాలేదు" అన్నది మాత్రం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

తనిఖీ రోజున ఏం జరుగుతుందో తెలిసి ఉంటే కంగారు ఉండదు. మూడు పడకగదుల ఇంటికి సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. ఎలక్ట్రీషియన్ ముందుగా ఫ్యూజు బోర్డును, సాకెట్లను, స్విచ్చులను కళ్లతో చూస్తాడు, కొన్నింటిని విప్పి లోపలి బిగింపులు పరిశీలిస్తాడు. తరువాత సరఫరా ఆపి, ఎర్త్ తీగ చివరి వరకు తెగకుండా ఉందో లేదో, తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తాడు. తొడుగు పరీక్ష సాధారణంగా 500 వోల్టుల దగ్గర చేస్తారు, ఆ కొలత కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. చివరగా కరెంటు తిరిగి ఇచ్చి ఆర్‌సీడీ ఎంత వేగంగా ట్రిప్ అవుతుందో చూస్తాడు. మన దగ్గర ఈఎల్‌సీబీ అని పిలుచుకునే పరికరం చేసే పనే ఇది. ఇళ్లలో వాడే ఆర్‌సీడీ 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పగానే సరఫరాను సెకనులో చిన్న భాగంలో ఆపేస్తుంది. ఆ రోజు ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి వైఫై ఉండదు కనుక ముందే సెలవు పెట్టుకోవడమో, ల్యాప్‌టాప్ నిండా చార్జి చేసుకోవడమో మంచిది. వీలు కాని రోజైతే వేరే రోజు అడగవచ్చు కానీ అసలు రానివ్వకపోవడం తగదు. యజమాని తన వంతు ప్రయత్నాలన్నీ చేసినట్లు రుజువు చూపగలిగితే, తనిఖీ జరగనందుకు తప్పు ఆయనది కాదు.

నివేదిక పది పేజీలకు మించి ఉన్నా చదవవలసిన చోట్లు కొన్నే. మొదట చిరునామా మీ ఇంటిదేనా, ఫ్లాట్ నంబరుతో సహా సరిపోయిందా చూడండి. తరువాత తనిఖీ తేదీ, మళ్లీ ఎప్పుడు చేయించాలన్న సిఫారసు, మొత్తం మీద సంతృప్తికరమా కాదా అన్న తీర్పు చూడండి. లోపాలు రాసిన పట్టికలో ప్రతి లోపానికీ ఒక కోడ్ ఉంటుంది. సీ1 అంటే ప్రమాదం ఇప్పుడే ఉందని అర్థం, పగిలిన సాకెట్‌లోంచి కరెంటు ఉన్న భాగం చేతికి తగిలేలా ఉండటం దీనికి ఉదాహరణ. సీ2 అంటే ప్రమాదానికి దారితీయగలదని, ఎఫ్‌ఐ అంటే ఆలస్యం చేయకుండా మరింత లోతుగా పరిశోధించాలని అర్థం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా నివేదిక సంతృప్తికరం కాదు. సీ3 మాత్రం మెరుగుపరిస్తే బాగుంటుందన్న సూచన, దానివల్ల ఇల్లు తనిఖీలో తప్పినట్లు కాదు. ఫ్యూజు బోర్డు పెట్టె ప్లాస్టిక్‌ది కావడం, గోడలో ఎరుపు నలుపు తీగలు ఉండటం వంటివి చూసి బెదిరిపోనక్కరలేదు. ఇళ్లలో కొత్తగా బిగించే పెట్టె మండని పదార్థంతో ఉండాలన్న నిబంధన 2016లో వచ్చింది, స్థిర వైరింగ్‌లో గోధుమ నీలం రంగులు 2004 నుంచి మొదలయ్యాయి. పాతది కావడం, ప్రమాదకరం కావడం రెండూ ఒకటి కావు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పేజీ పరిమితులు రాసినది. అటక చూడలేదు, బరువైన బీరువా వెనుక సాకెట్ తెరవలేదు, ఫలానా సర్క్యూట్ పరీక్షించలేదు అన్న మినహాయింపులన్నీ అక్కడ ఉంటాయి. నేను మొదట అద్దెకు దిగిన ఇంటి నివేదికలో తీర్పు సంతృప్తికరమనే ఉంది, కానీ ఈ పేజీ చదివాక ఇంట్లో సగం సర్క్యూట్లను అసలు ముట్టుకోలేదని తెలిసింది. అప్పటి నుంచి తీర్పు కంటే ముందు ఈ పేజీనే చదువుతున్నాను. కొలతల పట్టికలో అన్ని సర్క్యూట్లకూ అచ్చుగుద్దినట్లు ఒకే అంకెలు ఉన్నా సందేహించవలసిందే, ఎందుకంటే తీగల పొడవు మారితే కొన్ని కొలతలు తప్పక మారాలి.

నివేదిక సంతృప్తికరం కాకపోతే యజమాని 28 రోజుల్లోగా, నివేదిక అంతకంటే తక్కువ గడువు చెబితే ఆ గడువులోగా మరమ్మతు చేయించి, చేయించినట్లు రాతపూర్వక ధ్రువీకరణ మీకు ఇవ్వాలి. జరగకపోతే ముందుగా మెయిల్ ద్వారా అడగండి, ఫోనులో మాట్లాడినా ఆ సంగతులను మళ్లీ మెయిల్లో రాయండి. అప్పటికీ కదలిక లేకపోతే మీ కౌన్సిల్‌లో, అంటే స్థానిక పాలక సంస్థలో, ప్రైవేటు అద్దె ఇళ్లను చూసే విభాగానికి తెలియజేయండి. వారు యజమానికి నోటీసు ఇవ్వగలరు, అవసరమైతే తామే పని చేయించి ఖర్చు రాబట్టగలరు, జరిమానా వేయగలరు. ఆ జరిమానా గరిష్ఠంగా 30,000 పౌండ్లని 2020 నియమాలు నిర్ణయించాయి, తరువాత 40,000కు పెంచారు. వీసాకు ఏమైనా అడ్డు వస్తుందేమోనని మనవాళ్లు నోరు మెదపరు. ఇంటి లోపం గురించి కౌన్సిల్‌కు చెప్పడం ఏ వీసా నియమాన్నీ అతిక్రమించడం కాదు.

ఈ నివేదిక గోడలకు బిగించిన వ్యవస్థ గురించే చెబుతుంది. సూట్‌కేసులో మనం తెచ్చుకున్న వస్తువుల గురించి అందులో ఒక్క మాట ఉండదు, ప్రమాదం అటునుంచి కూడా రావచ్చు. భారతదేశంలోనూ ఇక్కడా ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కనుక మిక్సీ, గ్రైండర్ ఇక్కడ పనిచేస్తాయి. తేడా ప్లగ్గులో ఉంది. ఇక్కడి మూడు చదునైన కడ్డీల ప్లగ్గులో ఒక ఫ్యూజు ఉంటుంది. ఇక్కడి సాకెట్ సర్క్యూట్లకు చాలా చోట్ల 32 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది కాబట్టి సన్నని వైరును కాపాడే బాధ్యత ఆ చిన్న ఫ్యూజుదే. సాకెట్ పై రంధ్రంలో పెన్ను దూర్చి షట్టర్ తెరిచి మన గుండ్రటి కడ్డీల ప్లగ్గును నెట్టేవారు ఆ రక్షణను పోగొట్టుకుంటున్నారు, పైగా వారికి ఎర్త్ కూడా అందదు. ఇక్కడి ప్రమాణానికి సరిపడే, ఫ్యూజు ఉన్న అడాప్టరు కొనండి, లేదా తెలిసినవారి చేత ప్లగ్గు మార్పించండి. 700 వాట్ల లోపు వస్తువుకు 3 ఆంపియర్లు, అంతకు మించినదానికి 13 ఆంపియర్ల ఫ్యూజు వాడటం ఇక్కడి సాధారణ పద్ధతి. దీపావళికి ఊరి నుంచి తెచ్చిన సీరియల్ లైట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎన్ని సాకెట్లున్నా మొత్తం మీద 13 ఆంపియర్లే మోయగలదు. కెటిల్ ఒక్కటే దాదాపు 3,000 వాట్లు తీసుకుంటుంది, అదే బోర్డుకు రైస్ కుక్కర్ కూడా తగిలిస్తే వైరు వేడెక్కుతుంది. చలికాలంలో గది హీటరును ఎప్పుడూ గోడ సాకెట్‌కే పెట్టండి. తిరగమోత పొగకు మోగుతోందని స్మోక్ అలారానికి కవరు తొడగడమో, బ్యాటరీ తీసేయడమో చేయవద్దని కూడా ఇక్కడే గట్టిగా కోరుతున్నాను. కిటికీ తెరవండి, వంటగది తలుపు వేసుకోండి. ఇంట్లోని ఒక్క వస్తువు నుంచి ఎంత ప్రమాదం రాగలదో మరచిపోవద్దు: 2017 జూన్ 14న లండన్‌లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు నాలుగో అంతస్తులోని ఒక ఫ్లాట్‌లో ఫ్రిజ్ దగ్గర మొదలయ్యాయి.

కొన్నేళ్లు గడిచి సొంత ఇల్లు కొన్నాక ఈ బాధ్యత మీ మీదికి వస్తుంది. సొంత ఇంట్లో ఉండేవారు తనిఖీ చేయించాలన్న చట్టం లేదు. పదేళ్లకొకసారి, ఇల్లు చేతులు మారినప్పుడు చేయించాలన్నది సిఫారసు మాత్రమే. కొనే ముందు ఇంటి స్థితిని పరిశీలించే సర్వేయర్ ఇచ్చే నివేదికలో విద్యుత్ గురించి రాసేది కంటితో చూసినంత మేరకే, ఆయన ఏ పరీక్షా చేయడు. అందుచేత ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఈఐసీఆర్ చేయిస్తామని మీ సొలిసిటర్ (కొనుగోలు వ్యవహారం చూసే న్యాయవాది) ద్వారా అమ్మేవారిని అడగండి. 2005 జనవరి 1 తరువాత చేసిన విద్యుత్ పనుల గురించి అమ్మేవారు నింపే పత్రంలో ప్రశ్న ఉంటుంది, ఆ ధ్రువపత్రాలు కూడా తెప్పించుకోండి. ఆ తేదీ నుంచే ఇళ్లలోని విద్యుత్ పనులు పార్ట్ పీ అనే నిర్మాణ నిబంధన కిందికి వచ్చాయి. ఫ్యూజు బోర్డు మార్చడం, కొత్త సర్క్యూట్ వేయడం, స్నానపు తొట్టి లేదా షవరు దగ్గర పని చేయడం వంటివి ఇప్పటికీ కౌన్సిల్‌కు తెలియజేయవలసిన పనులే. ఎన్ఐసీఈఐసీ, నాపిట్ వంటి పథకాలలో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే కౌన్సిల్‌కు తెలియజేసే పని తానే చూసుకుంటాడు, కొద్ది రోజుల్లో ధ్రువపత్రం మీ ఇంటికి వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మనిషిని పిలిచినా, అతని నమోదు సంఖ్యను ఆ పథకం వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే పని అప్పగించండి.

సొంత ఇంటి నుంచి పెద్ద ఇంటికి మారి, మొదటి ఇంటిని మన విద్యార్థులకే అద్దెకిచ్చేవారు కూడా ఇప్పుడు చాలామంది ఉన్నారు. మీరు ఉన్నంతకాలం పదేళ్ల సిఫారసు ఉన్న ఆ ఇంటికి, అద్దెకిచ్చిన రోజు నుంచి ఐదేళ్ల చట్టం వర్తిస్తుంది. తాళాలు చేతికిచ్చే ముందే నివేదిక ఇవ్వండి, ఫ్యూజు బోర్డు తెరిచి ఆర్‌సీడీ మీద టెస్ట్ అని రాసి ఉన్న మీట చూపించి, ఆరు నెలలకొకసారి దాన్ని నొక్కమని చెప్పండి. నొక్కగానే సరఫరా ఆగిపోవాలి. ఆగకపోతే వెంటనే మీకు ఫోను చేయమనండి, ఆ ఫోను వచ్చిన రోజునే ఎలక్ట్రీషియన్‌ను పంపండి.