పేరు చూడకుండా వైన్ రుచి చూడటం ఎలా: నెల్లూరు ఎండలకు సరిపడా

ఆరుగురు స్నేహితులు, మూడు సీసాల వైన్, ఫ్రిజ్‌లో నీళ్ళు పెట్టుకునే గాజు సీసాలు ఒకేలాంటివి నాలుగు, కాసిని చీటీలు, పెన్నులు. అంతే సరంజామా. ఏది ఏ కంపెనీదో, ఎంత ధరో తెలియకుండా తాగి ఎవరికి ఏది నచ్చిందో చూడటమే ఆట. అందరూ సీసాని ఎలా దాచాలా అని తెగ ఆలోచిస్తారు గానీ, ఈ ఆట చెడేది ఎక్కువగా నోళ్ళ వల్లే. గుక్క దిగీ దిగకముందే ఒకడు "ఏందబ్బా ఇది, దగ్గు మందులా ఉంది" అన్నాడా, ఇక మిగతా ఐదుగురికీ దగ్గు మందే తగులుతుంది. అందుకే చీటీ మీద రాసి మడిచేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మొహం చిట్లించడం కూడా మాట్లాడటం కిందే లెక్క. ప్రతి గుంపులోనూ అన్నీ తెలిసిన బావ ఒకడుంటాడు కదా, ఈ రూలు ముఖ్యంగా ఆయన కోసం.

వైన్లన్నీ ఒకే జాతి ద్రాక్షవి తీసుకుంటే పోల్చడం తేలిక. షిరాజ్ అనుకుంటే మూడూ షిరాజే. నాసిక్ సులా, బెంగళూరు పక్క నంది హిల్స్ గ్రోవర్, షోలాపూర్ జిల్లా అక్లూజ్ ఫ్రటెల్లి లాంటి కంపెనీలవి మన దగ్గర ఏవి దొరికితే అవి, ధరల్లో మాత్రం కాస్త తేడా ఉండేలా చూసుకోండి. తియ్యటి పోర్టు వైన్ ఒక్కటి కలిపారా, ఓట్లన్నీ దానికే పడతాయి, ఇక పోటీ ఏముంది? పక్క రాష్ట్రం నుంచి తెప్పిద్దామనుకుంటే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి. 21 ఏళ్ళు నిండని తమ్ముళ్ళు వడ్డన పనికే.

మూడు వైన్లకు నాలుగు సీసాలు ఎందుకంటే, ఒక వైన్‌ని రెండిట్లో పోయాలి. ఈ సంగతి పోసేవాడికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఒకే వైన్‌కి ఒకచోట మొదటి ర్యాంకు, ఇంకోచోట చివరి ర్యాంకు ఇచ్చినవాళ్ళ మొహాలు చూడటం ఈ సాయంత్రం మొత్తానికీ నాకు ఇష్టమైన ఘట్టం. 750 మిల్లీలీటర్ల సీసాలో ఆరుగురికి 50 చొప్పున రెండుసార్లు పోసినా 600, కాబట్టి సరిపోతుంది. ఒకరు వంటింట్లో వైన్ పోసి, ఏది ఏదో సీసా అడుగున చీటీ అంటించి బయటికి వచ్చేయాలి. రెండోవాళ్ళు లోపలికెళ్ళి, అడుగు చూడకుండా వాటిని అటూ ఇటూ మార్చి, మెడ దగ్గర 1 నుంచి 4 దాకా నంబర్లు వేయాలి. ఇలా చేస్తే ఏ నంబరు ఏదో ఇద్దరికీ తెలియదు, ఇద్దరూ ఆడొచ్చు.

ఇక అసలు తలనొప్పి వేడి. రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది, కానీ అది చలి దేశాల గది, 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఏసీ లేని గదిలో పెట్టిన రెడ్‌లో సారా ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఫ్రిజ్‌లో ఓ గంటన్నర, రెండు గంటలు ఉంచండి. టైమ్ లేకపోతే ఐసు ముక్కలు వేసిన నీళ్ళ బకెట్లో ఓ పావుగంట, ఇరవై నిమిషాలు. వైట్ వైన్‌కి దీనికి రివర్సు: ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే చల్లదనానికి వాసనే రాదు, పది పదిహేను నిమిషాలు బయట పెట్టాలి. నాలుగు సీసాలూ ఒకే చల్లదనంలో లేకపోతే జనం వైన్‌కి బదులు చల్లదనానికి ఓటేస్తారు. కుదిరితే డిసెంబరులో మిద్దె మీద పెట్టుకోండి, సగం బాధ తప్పుతుంది.

ఆ గదిలో అగరుబత్తి, మల్లెపూలు, సెంటు వద్దు. చేపల పులుసు ముందే వండి మూత పెట్టేయండి, ఆట అయ్యేదాకా ఆ మూత తీయకూడదు. చింతపులుపూ కారమూ పడ్డాక నాలుకకు వైన్ నీళ్ళతో సమానం. మధ్యలో నోరు శుభ్రం కావడానికి ఉప్పూ పోపూ లేని ఉత్త బొరుగులు, మంచినీళ్ళు చాలు.

గ్లాసులో మూడో వంతు కూడా నింపకండి. తెల్ల కాగితం మీద పెట్టి రంగు చూసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూసి, అప్పుడు గుక్క. మింగకుండా ఉమ్మేసేవాళ్ళకు తలా ఒక ప్లాస్టిక్ మగ్గు ఇవ్వండి, అందులో సిగ్గేం లేదు. రాసేటప్పుడు ఎన్నడూ తినని విదేశీ పండ్ల పేర్లు వెతక్కండి, నేరేడు, ఈతపండు, జామకాయ, పచ్చి క్యాప్సికం, మిరియం అని రాయండి. పోకచెక్క నమిలినట్టు చిగుళ్ళు పట్టేస్తే అది వగరు, రెడ్‌లో ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. నూటికి ఎన్ని అని మార్కులు వేయిస్తే ఒకడు 90 కింద దిగడు, ఒకడు 50 దాటడు. ర్యాంకులు వేయించి కూడండి, తక్కువ మొత్తం వచ్చినదే గెలిచినట్టు.

చివరి స్థానం నుంచి ఒక్కోటీ అడుగు తిప్పి చూపించండి. ఖరీదైనది ఓడితే బాధపడకండి. 1976లో పారిస్‌లో ఇలాగే పేర్లు దాచి పోటీ పెడితే ఫ్రెంచి జడ్జీలే రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు.

ఓపిక ఉంటే ఇంకో రౌండు: ఒక రెడ్, ఒక వైట్ ఒకే చల్లదనంలో స్టీలు గ్లాసుల్లో పోసి, కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పమనండి. 2001లో ప్రచురించిన ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధనలో వైట్ వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్ళు వైన్ చదువు చదివేవాళ్ళు మరి!

ఆ తర్వాత పులుసు మూత తీయండి. బండ్ల తాళాలు ముందే ఒకచోట పెట్టించి ఆటోలు మాట్లాడండి. మిగిలిన వైన్ బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది, కాకపోతే అడుగున చీటీ పీకేయకండి, రేపు ఏది ఏదో మీకే తెలియదు.