ఉద్యోగ ఒప్పందం: నాలుగో పాఠం – ‘దఖలు పరుస్తున్నాను’

కిందటి పాఠంలో గోప్యత నిబంధనను విడదీసి చదివాం. ఈసారి దాని పక్కనే ఉండే, దానికంటే బరువైన నిబంధన చూద్దాం. మీ ఆలోచనలోంచి పుట్టింది ఎవరి సొత్తు? పెన్సిలు దగ్గర పెట్టుకుని ఈ వాక్యం చదవండి.

“ఉద్యోగ కాలంలో తాను రూపొందించే సమస్త ఆవిష్కరణలు, రచనలపై సర్వహక్కులను ఉద్యోగి ఇందుమూలంగా సంస్థకు దఖలు పరుస్తున్నారు.”

‘ఉద్యోగ కాలంలో’ కింద గీత గీయండి. అంటే పనివేళలు మాత్రమే కాదు, చేరిన రోజు నుంచి మానేసే రోజు దాకా రాత్రులు, సెలవులతో సహా. ‘సమస్త’ కింద మరో గీత. మీరు ఇంట్లో రాసుకునే పిల్లల కథలనూ ఆ మాట వదలదు. మూడో గీత క్రియ కింద. ఇక్కడ కాస్త ఆగాలి.

‘దఖలు పరచడానికి అంగీకరిస్తున్నాను’ అంటే ముందు ముందు రాసిస్తానని మాట ఇవ్వడం. ‘ఇందుమూలంగా దఖలు పరుస్తున్నాను’ అంటే ఇంకా పుట్టని దాన్ని ఇప్పుడే రాసిచ్చేయడం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు విశ్వవిద్యాలయానికి మొదటి రకం కాగితం, తర్వాత సీటస్ అనే కంపెనీకి రెండో రకం కాగితం రాసిచ్చారు. రక్తంలో హెచ్ఐవీ పరిమాణాన్ని కొలిచే పద్ధతి మీద వివాదం వచ్చినప్పుడు అప్పీలు కోర్టు రెండో కాగితానికే విలువ ఇచ్చింది. సీటస్ నుంచి హక్కులు పొందిన రోష్ అనే కంపెనీ వైపే 2011లో అమెరికా సుప్రీంకోర్టూ మొగ్గింది. సంతకాల తేదీలను బట్టి చూస్తే స్టాన్‌ఫర్డ్ కాగితమే ముందుది. అయినా క్రియ దాన్ని ఓడించింది.

అలాగని క్రియను మార్చమని పట్టుబట్టవద్దు. సంస్థ అక్కడ సాధారణంగా వెనక్కి తగ్గదు, నిజానికి మీకు కావలసింది అది కాదు కూడా. పరిధిని తగ్గించండి. కాలిఫోర్నియా కార్మిక చట్టం 2870వ సెక్షన్ మంచి నమూనా. పూర్తిగా సొంత సమయంలో, యజమాని పరికరాలు గానీ వ్యాపార రహస్యాలు గానీ వాడకుండా చేసిన ఆవిష్కరణను ఒప్పందం లాక్కోలేదు. యజమాని వ్యాపారానికి, పరిశోధనకు సంబంధించినదైతే, లేదా అప్పగించిన పనిలోంచి పుట్టినదైతే మాత్రం ఈ రక్షణ ఉండదు. అలాంటి చట్టం లేనిచోట ఆ భావాన్నే ఒక వాక్యంగా రాసి ఇవ్వండి. చేరకముందే చేసిన పనుల జాబితాను అనుబంధంగా జోడించండి. ఆ అనుబంధాన్ని ఖాళీగా వదిలేస్తే, చూపించుకోవడానికి మీ దగ్గర ఏమీ లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది.

అడిగే పద్ధతి ముఖ్యం. ఉద్యోగం ఖాయమయ్యాక, సంతకానికి ముందు అడగాలి. మొదట ప్రశ్న: “నేను సెలవు రోజున రాసుకునే కథలకు ఈ నిబంధన వర్తిస్తుందా అండీ?” సాధారణంగా “అబ్బే, అలాంటివి ఎవరూ పట్టించుకోరు” అంటారు. వెంటనే మీ వాక్యం ముందు పెట్టండి: “మంచిదండీ, అదే మాట ఇక్కడ చేరుద్దాం.” నోటిమాటతో సంతృప్తి పడి లేచి రావడం నేను చేసిన తప్పు. నా ఒప్పందం చివరి పేజీలో ‘ఈ పత్రమే సంపూర్ణ ఒప్పందం’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం ముందు నాకిచ్చిన హామీ నిలబడలేదు.

ఇక నైతికత సంగతి. ఒప్పందంలో రెండు వాక్యాలు చేర్చమని అడగండి. చట్టానికి, వృత్తి నియమావళికి విరుద్ధమైన పనిని నిరాకరిస్తే అది అవిధేయత కాదని ఒకటి. చట్ట ఉల్లంఘనను అధికారులకు తెలియజేయడానికి గోప్యత అడ్డురాదని రెండోది. ఈ రెండోది గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. చట్టం రక్షణ ఇచ్చే ఫిర్యాదును అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని బ్రిటన్ 1998లోనే చట్టం చేసింది. సంస్థ ఎక్కువగా తటపటాయించేది మొదటిదాని దగ్గరే. ‘విరుద్ధమని ఎవరు తేలుస్తారు?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇస్తానని, తేలేదాకా వేరే పని అప్పగించవచ్చని చెప్పండి.

అభ్యాసం: మీ ఒప్పందంలోని ఆ నిబంధనను చేత్తో ఎత్తి రాయండి. మూడు గీతలు గీయండి. మీ మినహాయింపును 30 మాటలు మించకుండా రాయండి. వచ్చే పాఠంలో, ఉద్యోగం మానేశాక వెంటాడే షరతులు చూద్దాం.