విదేశీ కోర్టు నుంచి పరువునష్టం నోటీసు వస్తే ఎలా ఎదుర్కోవాలి?

అమెరికా రచయిత్రి రేచెల్ ఎహ్రెన్‌ఫెల్డ్ ఉగ్రవాదానికి అందే నిధుల గురించి 2003లో రాసిన పుస్తకం ఇంగ్లండులో ప్రచురితం కాలేదు. అయినా ఆన్‌లైన్‌లో కొన్న 23 ప్రతులు అక్కడికి చేరాయన్న ఆధారంతో, అందులోని ఆరోపణలను ఖండించిన సౌదీ వ్యాపారి ఖాలిద్ బిన్ మహఫూజ్ లండన్‌లో దావా వేశారు. ఆమె హాజరు కాకపోవడంతో 2005లో తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. విజయవాడలో రాసిన వ్యాసాన్ని ప్రవాస తెలుగువారు విదేశాల్లో చదువుతున్న ఈ రోజుల్లో ఇది మనకూ దూరపు సంగతేమీ కాదు.

మొదట, చేతికొచ్చిన కాగితం ఏమిటో చూడండి. కోర్టు ముద్ర, కేసు నంబరు లేకుండా న్యాయవాద సంస్థ పంపినది కేవలం హెచ్చరిక లేఖ. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే అసలు దెబ్బ చాలాసార్లు ఇక్కడే తగులుతుంది: 2007లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అదే వ్యాపారికి క్షమాపణ చెప్పి, విచారణ దాకా పోకుండానే మరో పుస్తకం మిగిలిన ప్రతులను నాశనం చేసింది. ఇక నిజమైన సమన్లయితే, విదేశం నుంచి నేరుగా పోస్టులో పంపడాన్ని, కోర్టు కాగితాలను ఒక దేశం నుంచి మరో దేశానికి అందించే పద్ధతిపై కుదిరిన హేగ్ ఒప్పందం కింద భారత్ అంగీకరించలేదు. అవి కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. వచ్చిన తేదీ, కవరు, ఈమెయిలు అన్నీ భద్రపరచండి.

తర్వాత, వ్యాసాన్ని గుట్టుగా మార్చకుండా, ఉన్నది ఉన్నట్టుగా కాపీ తీసి, ఆధారాలన్నీ ఒకచోట చేర్చండి. ఏ దేశంలో ఎంతమంది చదివారో చూపే లెక్కలను కూడా ఆ రోజే దాచుకోవాలి. బ్రిటన్ 2013 చట్టం ప్రకారం, ఆ దేశంలో నివాసం లేనివారిపై కేసు విచారించాలంటే, ప్రచురితమైన చోట్లన్నిటిలో ఇంగ్లండే స్పష్టంగా తగిన వేదిక అని కోర్టుకు నమ్మకం కలగాలి. చదువరుల్లో నూటికి తొంభై మంది తెలుగు రాష్ట్రాలవారే అని చూపే పట్టిక అక్కడ ఎంతో పనికొస్తుంది.

మూడోది, అన్నిటికన్నా చిక్కైనది: హాజరు కావాలా, వద్దా? మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద బ్రిటన్, సింగపూర్, యూఏఈ వంటి దేశాల ఉన్నత న్యాయస్థానాల డబ్బు డిక్రీలను (సొమ్ము చెల్లించమనే తీర్పులను) ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయమని అడగవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అయితే అధికార పరిధి లేని కోర్టు ఇచ్చినా, గుణదోషాలు (కేసులోని అసలు విషయం) విచారించకుండా ఇచ్చినా, సహజన్యాయాన్ని తోసిరాజన్నా అటువంటి తీర్పు చెల్లదని అదే కోడ్‌లోని 13వ సెక్షన్ చెబుతోంది. పరిధిపై అభ్యంతరం చెప్పకుండా హాజరై వాదిస్తే, ఆ కోర్టుకు లోబడినట్టే లెక్క. హాజరు కాకపోతే ఏకపక్ష తీర్పు వస్తుంది. సాక్ష్యాలు పరిశీలించి ఇచ్చినదైతే, అది గుణదోషాలపై ఇచ్చిన తీర్పు కాదని ఇక్కడ వాదించడం కష్టమవుతుంది. అందుకే ఆ దేశపు లాయరుతో, ఇక్కడి లాయరుతో కలిపి మాట్లాడాకే నిర్ణయించండి. ఆ దేశంలో మీకు ఖాతా, ఆస్తి ఉన్నాయేమో వారికి దాచకుండా చెప్పండి.

అమెరికా 2010లోనే, తమ వాక్‌స్వాతంత్ర్యానికి సరితూగని విదేశీ పరువునష్టం తీర్పులు అక్కడ అమలు కాకుండా చట్టం చేసుకుంది. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు, 13వ సెక్షనే దిక్కు.

చివరగా, వ్యాసంలో నిజంగా తప్పుంటే ఆ వాక్యాన్ని మాత్రమే సరిచేసి, సవరించిన తేదీని వ్యాసం కింద ప్రకటించండి, కానీ అంతకు ముందే ఆ సవరణ మాటలను లాయరుకు చూపించండి. వ్యాసమంతా తీసేయమని అడిగితే, ఏ వాక్యం ఏ కారణంగా అబద్ధమో రాతపూర్వకంగా చెప్పమని ఎదురు అడగండి.